సర్కారీ జాబ్‌కి ఆన్‌లైన్ అప్లికేషన్: పరీక్ష రాయకముందే ఛాన్స్ పోయేది ఎక్కడ

2014-15 నుంచి 2021-22 వరకు ఎనిమిదేళ్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం వచ్చిన అప్లికేషన్లు 22 కోట్ల పైనే, ఉద్యోగానికి రికమెండ్ అయినవాళ్లు మాత్రం 7.22 లక్షల మంది. ఈ లెక్క 2022 జులైలో కేంద్రమే లోక్‌సభలో చెప్పింది. ఈ అంకెలు చూడగానే అందరూ పోటీ గురించి, కోచింగ్ గురించి, కటాఫ్ గురించి మాట్లాడతారు, అది సహజమే. కానీ ఆ మధ్యలో ఇంకో గుంపు ఉంటుంది, వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రెండేళ్లు కూర్చుని చదివి, మార్కులు కూడా తెచ్చుకుని, ఎప్పుడో నెలల కింద ఫారంలో టైప్ చేసిన ఒక్క వివరం సర్టిఫికెట్‌తో కలవలేదని వెనక్కి వచ్చేసినవాళ్లు.

ఇలా ఫారం దగ్గరే దెబ్బతినడానికి పెద్ద ఉదాహరణ రైల్వే గ్రూప్-డి. 2019లో 1,03,769 పోస్టులకి నోటిఫికేషన్ వస్తే కోటికి పైగా అప్లికేషన్లు పడ్డాయి, అందులో ఫొటో సరిగా లేదనో సంతకం సరిగా లేదనో లక్షల్లో రిజెక్ట్ అయిపోయాయి. గొడవ పెద్దదయ్యాక చివరికి 2021 డిసెంబర్‌లో ఫొటో, సంతకం మళ్లీ అప్‌లోడ్ చేసుకోమని లింక్ ఇచ్చారు. అంటే అప్లై చేసిన రెండేళ్లకి పైగా అయ్యాక. ఆ లింక్ ఇవ్వకపోయుంటే ఆ లక్షల మందికి పరీక్ష రాసే అవకాశమే ఉండేది కాదు, చదువులో వాళ్ల తప్పేమీ లేకుండానే.

అసలు సమస్య ఏంటంటే చాలామంది అప్లికేషన్ని ఒక చిన్న పనిలా చూస్తారు, నెట్ సెంటర్‌కి వెళ్లి అరగంటలో అయిపోయే పని అన్నట్టు. నిజానికి ఆ ఫారం చివర డిక్లరేషన్ బాక్స్‌లో టిక్ పెట్టి సబ్మిట్ కొట్టగానే పైన రాసిన ప్రతి ముక్కా అభ్యర్థి రాసిచ్చిన వాంగ్మూలం కింద లెక్క. పేరు ఇది, పుట్టినతేదీ ఇది, కులం ఇది, లోకల్ ఇక్కడ, డిగ్రీ ఫలానా తేదీకి అయిపోయింది అని. అప్పటికి ఎవరూ చెక్ చేయరు, కంప్యూటర్ ఏది కొడితే అది తీసుకుంటుంది. చెక్ చేసేది పరీక్ష అయ్యి మెరిట్ లిస్ట్ వచ్చాక సర్టిఫికెట్ వెరిఫికేషన్లో. అప్పుడు ఫారం ఒక మాట చెప్పి కాగితం ఇంకో మాట చెబితే సర్దుబాటుకి దారి దాదాపు ఉండదు, ఎందుకంటే వెనక ఇంకొకరు లైన్లో ఉన్నారు, బోర్డు ఒకరికి సడలిస్తే వాళ్లు కోర్టుకి వెళ్తారు.

తెలుగువాళ్లకి ఇందులో మొదట తగిలే దెబ్బ పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మెమోలో ఇంటిపేరు చివరికి పోతుంది, పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. ఆడపిల్లలకి పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిపోయి ఉంటుంది, తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు ఉంటుంది. ఇంట్లో, ఊళ్లో, బ్యాంకులో దీంతో ఇబ్బంది ఏమీ రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ దాదాపు అన్ని బోర్డులూ పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే కొట్టమంటాయి, మరోపక్క ఐడెంటిటీ కోసం ఆధార్ అడుగుతున్నాయి. రైల్వే బోర్డులైతే ఈమధ్య నోటిఫికేషన్లలో ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో నూటికి నూరు శాతం కలవాలని, ఫొటో, బయోమెట్రిక్ కూడా అప్‌డేట్ చేసుకోమని ముందే రాస్తున్నాయి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ అయితే ఒక్కసారే. ఎవరో చెప్పారని తొందరపడి ఒకసారి మార్చి, అది కూడా మెమోతో కలవకుండా మార్చుకుంటే తర్వాత తిప్పలు మామూలుగా ఉండవు. అందుకే మెమో చేత్తో పట్టుకుని, అందులో స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకుని, ఇనీషియల్ ముందుందా వెనకుందా అన్నది కూడా చూసుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్లాలి, అదీ నోటిఫికేషన్ రాకముందే. నోటిఫికేషన్ వచ్చాక ఇచ్చే గడువు సాధారణంగా మూడు నాలుగు వారాలు, ఆలోపు ఆధార్ అప్‌డేట్ అయి వస్తుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

రెండోది, ఇంకా పెద్దది, కులం సర్టిఫికెట్ వ్యవహారం. ఇక్కడ రాష్ట్రం లెక్క వేరు, కేంద్రం లెక్క వేరు, ఇది అర్థం కాకే చాలామంది ఇరుక్కుంటారు. మన దగ్గర బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉంటాయి, కేంద్రంలో అన్నీ కలిపి ఓబీసీ ఒక్కటే. రాష్ట్ర బీసీ లిస్టులో ఉన్న ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ లిస్టులో ఉండాలని లేదు, ముందు అది చూసుకోవాలి. లిస్టులో ఉన్నా సరే మామూలు బీసీ కుల సర్టిఫికెట్ ఎస్సెస్సీకో (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్) రైల్వేకో బ్యాంక్ పరీక్షకో పనికిరాదు, సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (కుటుంబం సంపన్న శ్రేణిలో లేదని చెప్పే కాగితం) విడిగా తీసుకోవాలి. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య జారీ అయ్యుండాలో ఒక్కో బోర్డు ఒక్కోలా రాస్తుంది, నోటిఫికేషన్లో ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది. మూడేళ్ల కింద తీసుకున్న కాగితం బీరువాలో ఉంది కదా అని ఫారంలో ఓబీసీ టిక్ పెట్టేస్తే వెరిఫికేషన్లో ఆ తేదీ దగ్గర ఆగిపోతుంది. ఆ స్టేజిలో జనరల్ కింద చూడమని అడిగినా, అప్పటికి జనరల్ కటాఫ్ రాకపోతే ఇక కథ అయిపోయినట్టే.

ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాలు) కూడా అంతే. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ 10 శాతం కోటాకి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, కేంద్రం లెక్కలో 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి గానీ, వెయ్యి చదరపు అడుగులు, అంతకు మించి ఫ్లాట్ గానీ ఉండకూడదన్న లాంటి ఆస్తి షరతులూ ఉన్నాయి. ఆదాయం చూసేది అప్లై చేసే ఏడాదికి ముందటి ఆర్థిక సంవత్సరంది. అంటే ఏప్రిల్ దాటితే పాత సర్టిఫికెట్ పక్కన పెట్టి కొత్తది తీసుకోవాల్సిందే. ఇంకో సంగతి వయసు. మన రాష్ట్రాల కమిషన్లు బీసీలకి 5 ఏళ్ల సడలింపు ఇస్తాయి, కేంద్రంలో ఓబీసీకి వచ్చేది 3 ఏళ్లే. తెలంగాణ పీఎస్సీ నోటిఫికేషన్లలో ఈడబ్ల్యూఎస్ వాళ్లకి కూడా 5 ఏళ్లు ఉంటుంది, కేంద్రంలో ఈడబ్ల్యూఎస్‌కి వయసు సడలింపే లేదు. గ్రూప్స్‌కి అలవాటుపడిన మనిషి అదే లెక్కతో ఎస్సెస్సీకి వెళ్తే ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

ఎస్సీ అభ్యర్థులు ఇప్పుడు ఇంకో విషయం చూసుకోవాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి ఓకే చెప్పాక తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ కులాల్ని గ్రూప్ 1, 2, 3గా విడదీసిన పద్ధతి అమల్లోకి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా 2025లోనే వర్గీకరణ తెచ్చింది. పాత వన్ టైమ్ రిజిస్ట్రేషన్ (ఓటీఆర్) ప్రొఫైల్లో ఉత్త ఎస్సీ అని మాత్రమే ఉంటే అది అలాగే వదిలేయకుండా, కొత్త నోటిఫికేషన్ ఏం అడుగుతుందో చూసి ఉపకులం వివరం సరిచేసుకోవాలి.

లోకల్ స్టేటస్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన రెండు రాష్ట్రాలకే ప్రత్యేకమైన తలనొప్పి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటికి తర్వాత వచ్చిన సవరణ ప్రకారం 33 జిల్లాలు, 7 జోన్లు, 2 మల్టీజోన్లు, ఈ పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అంటే ఆధార్‌లో అడ్రస్ ఉన్న చోటు అనుకుంటారు, అది తప్పు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు, అంటే కనీసం నాలుగేళ్లు, ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లకి మామూలుగా నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటారు. ఇప్పుడు ఆలోచించండి, తండ్రి కూలిపనికో చిన్న ఉద్యోగానికో మూడు ఊళ్లు మారితే పిల్లాడు మూడు స్కూళ్లలో చదివుంటాడు, అందులో ఒకటి ప్రైవేటు బడి, అది ఎప్పుడో మూతపడింది. ఆ బోనఫైడ్ (అక్కడ చదివినట్టు బడి ఇచ్చే సర్టిఫికెట్) ఎక్కడి నుంచి తేవాలి? ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో వాకబు చేసి, ఆ బడి రికార్డులు ఎవరి దగ్గరకి చేరాయో కనుక్కుని తెచ్చుకోవాలి, ఇది ఒక్క రోజులో తేలే పని కాదు. చేతిలో కాగితం లేకుండా గుర్తున్నంత వరకు ఫారంలో నింపేస్తే, తర్వాత బోనఫైడ్‌లో సంవత్సరాలు వేరేగా వస్తే లోకల్ జిల్లాయే మారిపోతుంది, రావాల్సిన పోస్టు పోతుంది. జిల్లాల విభజన తర్వాత పాత జిల్లా పేరు కొట్టాలా కొత్త జిల్లా పేరా అన్న తికమక కూడా చాలామందికి ఉంటుంది, స్కూలు ఉన్న మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అదే చూడాలి.

చదువు దగ్గర పడే పొరపాట్లు తక్కువే గానీ పడితే మాత్రం గట్టిగా పడతాయి. అర్హత ఏ తేదీకి ఉండాలో నోటిఫికేషన్లో రాసుంటుంది, ఆ తేదీకి ఫైనల్ రిజల్ట్ వచ్చి ఉండాలి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలి దాని రిజల్ట్ వారం తర్వాత వచ్చినా అర్హత లేనట్టే. శాతం అడిగిన చోట పైకి రౌండ్ చేసి కొట్టకూడదు, బ్యాంక్ పరీక్షల నోటిఫికేషన్లలో 59.99ని 60 కింద లెక్కేయరని స్పష్టంగా రాస్తారు. సీజీపీఏ ఉన్నవాళ్లు యూనివర్సిటీ ఇచ్చిన ఫార్ములాతోనే మార్చుకోవాలి, ఆ ఫార్ములా కాగితం కూడా దగ్గర పెట్టుకోవాలి.

ఇక ఫొటో, సంతకం. బ్యాంక్ పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్ అడుగుతుంది. ఆ డిక్లరేషన్ ఇంగ్లిష్‌లో అభ్యర్థే రాయాలి, ఇంకొకరు రాసిచ్చింది చెల్లదు, సంతకం గానీ డిక్లరేషన్ గానీ అన్నీ పెద్దక్షరాల్లో ఉంటే తీసుకోరు. ఎస్సెస్సీ 2024లో కొత్త వెబ్‌సైట్‌కి మారినప్పుడు పాత రిజిస్ట్రేషన్లు చెల్లవని అందరినీ మళ్లీ రిజిస్టర్ చేసుకోమంది, అప్పటి నుంచి ఫొటో అప్‌లోడ్ కాకుండా కెమెరాలో అక్కడికక్కడే లైవ్ ఫొటో తీస్తోంది. కళ్లజోడు, టోపీ ఉండకూడదు, వెనక ప్లెయిన్‌గా ఉండాలి, వెలుతురు ముఖం మీద పడాలి. నెట్ సెంటర్లో చీకటి మూల కూర్చుని, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉండగా తీసుకున్న ఫొటోతో రిస్క్ తీసుకోవడం ఎందుకు, మంచి వెలుతురున్న చోట సొంత ఫోన్లోనో తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లోనో చేసుకోవడం మేలు. కేబీ సైజు తగ్గించడానికి ఫొటోని నొక్కేసి మసగ్గా చేయడం ఇంకో అలవాటు. ముఖం గుర్తుపట్టలేనంత మసకగా ఉంటే సైజు సరిపోయినా లాభం లేదు.

నెట్ సెంటర్ల మాట వచ్చింది కాబట్టి, ఊళ్లలో చాలామందికి వేరే దారి లేదు, అది ఒప్పుకోవాల్సిందే. సెంటర్ అబ్బాయికి రోజూ అదే పని కాబట్టి వేగంగా కొడతాడు, ఆ వేగంలోనే జెండర్ మారిపోతుంది, పరీక్ష సెంటర్ మారిపోతుంది, బీసీ-బీ బదులు బీసీ-డీ పడుతుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే ఓటీపీ కోసం కొన్నిచోట్ల సెంటర్ వాళ్ల ఫోన్ నంబర్, వాళ్ల మెయిల్ ఐడీయే ఇచ్చేస్తారు. ఇప్పుడు హాల్‌టికెట్ పోస్ట్‌లో రాదు, ఎడిట్ ఆప్షన్ ఇచ్చినా, పరీక్ష తేదీ మారినా, వెరిఫికేషన్‌కి పిలిచినా మెసేజ్ ఆ నంబర్‌కే పోతుంది. అభ్యర్థికి తెలిసేసరికి తేదీ దాటిపోయి ఉంటుంది. రైల్వే ఫారాల్లో అకౌంట్ క్రియేట్ చేసేటప్పుడు ఇచ్చిన మొబైల్, మెయిల్ తర్వాత మార్చుకోనివ్వరు కూడా, ఎంచుకున్న రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్ఆర్‌బీ) కూడా మారదు, ఒక నోటిఫికేషన్‌కి సికింద్రాబాద్‌లో ఒకటి, ఇంకో బోర్డులో ఒకటి అని రెండు అప్లికేషన్లు పెడితే అన్నీ రిజెక్టే. అందుకే సెంటర్లో చేయించినా సొంత నంబర్, సొంత మెయిల్, పాస్‌వర్డ్ పుస్తకంలో రాసుకోవడం, సబ్మిట్ కొట్టేముందు ప్రివ్యూ పేజీని పై నుంచి కింద దాకా స్వయంగా చదవడం, పని అయ్యాక మెమోలు, ఆధార్ ఆ కంప్యూటర్లోంచి డిలీట్ చేయించడం తప్పనిసరి.

ఫీజుల లెక్క బోర్డుని బట్టి చాలా మారుతుంది. ఎస్సెస్సీకి 100 రూపాయలు, మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి ఫ్రీ. రైల్వేలో 500 కడితే మొదటి పరీక్ష రాశాక 400 తిరిగి ఇస్తారు, ఎస్సీ, ఎస్టీ, మహిళలు, మైనారిటీల లాంటి వాళ్లు కట్టే 250 బ్యాంకు చార్జీలు పోను మొత్తం వెనక్కొస్తుంది, కాబట్టి ఫారంలో అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ తప్పు కొడితే ఆ డబ్బు రాదు. 2025లో 16,347 పోస్టులతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో ఒక్కో పోస్టుకి 750, అర్హత ఉన్న నాలుగు పోస్టులకి పెడితే 3,000. ఉద్యోగం లేని మనిషికి ఇది చిన్న మొత్తం ఎలా అవుతుంది? దిద్దుబాటు ఫీజుల విషయం ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఎస్సెస్సీలో అప్లికేషన్ 100 అయితే మొదటిసారి కరెక్షన్‌కి 200, రెండోసారి 500, పైగా అప్లికేషన్ ఫీజు మినహాయింపు ఉన్నవాళ్లకి కూడా కరెక్షన్ ఫీజు మినహాయింపు లేదు. ఊరికే మార్పులు చేయకుండా ఆపడానికి అంటారు, సరే, కానీ నెట్ సెంటర్లో ఎవరో కొట్టిన తప్పుకి కూలి కుటుంబం పిల్ల కట్టాల్సిన డబ్బు అప్లికేషన్ ఫీజు కంటే ఎక్కువ ఉండటం సమర్థించుకోలేనిది. కనీసం మొదటి దిద్దుబాటు అందరికీ ఉచితంగా ఉండాలి.

పేమెంట్ మధ్యలో ఆగిపోవడం అందరికీ ఎదురయ్యేదే. డబ్బు కట్ అయ్యింది, స్క్రీన్ మీద ఫెయిల్ అని వచ్చింది, కంగారులో వెంటనే మళ్లీ కడతారు. కాసేపు ఆగి లాగిన్ అయ్యి పేమెంట్ స్టేటస్ చూడటం ముందు చేయాల్సిన పని, చాలాసార్లు కొంతసేపటికి అప్‌డేట్ అవుతుంది. అవ్వకపోతే ఆర్బీఐ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం యూపీఐలో మర్చంట్‌కి కట్టి ఫెయిల్ అయిన డబ్బు ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ట్రాన్సాక్షన్ ఐడీ స్క్రీన్‌షాట్ ఉంటే బ్యాంకుని అడగొచ్చు. కానీ ఇదంతా గడువు మిగిలి ఉంటేనే ఉపయోగం. చివరి రోజు రాత్రి సర్వర్ మొరాయిస్తున్నప్పుడు పేమెంట్ ఫెయిల్ అయితే డబ్బు వెనక్కొస్తుందేమో గానీ అప్లికేషన్ రాదు. ఇంకో అపోహ, రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చిందంటే అప్లై అయిపోయినట్టే అనుకోవడం. రిజిస్ట్రేషన్ వేరు, ఫారం నింపడం వేరు, ఫీజు వేరు, ఫైనల్ సబ్మిట్ వేరు. టీజీపీఎస్సీ ఓటీఆర్ అయినా, ఏపీపీఎస్సీ ఓటీపీఆర్ అయినా అవి ఒక్కసారి చేసుకునే ప్రొఫైల్ మాత్రమే, ప్రతి నోటిఫికేషన్‌కి మళ్లీ విడిగా అప్లై చేయాలి.

ఈ తొందరలోనే మోసగాళ్లు దూరతారు. డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటేనే నమ్మండి అని చెప్పేస్తే సులువే గానీ అది పూర్తిగా నిజం కాదు, ఐబీపీఎస్ సైట్ ఉత్త డాట్ ఇన్‌తోనే నడుస్తుంది. అందుకే గూగుల్‌లో మొదట కనిపించిన లింక్ కాకుండా, అధికారిక నోటిఫికేషన్ పీడీఎఫ్‌లోనో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లోనో ఇచ్చిన అడ్రస్ చూసి టైప్ చేయడం సేఫ్. అప్లికేషన్ ఫీజు అని చెప్పి ఎవరి వ్యక్తిగత యూపీఐ నంబర్‌కో వేయమంటే అది మోసమే, డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

బోర్డుల వైపు నుంచి చేయగలిగింది చాలా ఉంది. డిజిలాకర్‌ 2015 నుంచే ఉంది, పదో తరగతి మెమో చాలావరకు అందులో దొరుకుతుంది. పేరు, పుట్టినతేదీ, మార్కులు అక్కడి నుంచే నేరుగా తీసుకుంటే టైపింగ్ తప్పులు చాలా తగ్గుతాయి. కుల, ఆదాయ సర్టిఫికెట్లకి మీసేవలోనో సచివాలయంలోనో ఇచ్చే నంబర్ కొట్టగానే వివరాలు తేలిపోయే ఏర్పాటు పెడితే తేదీ సరిపోలేదన్న సంగతి అప్లికేషన్ రోజే బయటపడుతుంది, మెరిట్ లిస్ట్ వచ్చాక కాదు. ఫొటో మసకగా ఉంటే అప్పుడే చెప్పడం కూడా ఈరోజుల్లో పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు.

అది జరిగే వరకు భారం అభ్యర్థి మీదే. నోటిఫికేషన్ లేని నెలల్లోనే మెమో, ఆధార్ కలిపి చూసుకోవడం, బోనఫైడ్లు తెచ్చుకోవడం, ఏప్రిల్ రాగానే ఈడబ్ల్యూఎస్, నాన్ క్రీమీలేయర్ కొత్తవి పెట్టుకోవడం చేస్తే గడువులో మొదటి వారంలోనే అప్లై చేయొచ్చు, ఎడిట్ ఆప్షన్ తెరిచినప్పుడు ప్రశాంతంగా ఇంకోసారి చూసుకోవచ్చు. సబ్మిట్ అయ్యాక వచ్చే ఫైనల్ పీడీఎఫ్, ఫీజు రసీదు, అప్పటి నోటిఫికేషన్ కాపీ మూడూ మెయిల్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి, ప్రింట్ ఒకటి ఉంచుకోవాలి. ఎందుకంటే ఏడాది తర్వాత వెరిఫికేషన్‌కి పిలిచేనాటికి వెబ్‌సైట్ మారిపోయి ఉండొచ్చు, అప్పుడు ఫారంలో ఏం రాశారో చూపించేది ఆ కాగితాలే.